పెళ్ళిపాట నొక్కితే సమాధిపాట

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మనిషికి ఒక ధీమా ఉంటుంది చూడండి, తర్వాత ఎంత అనుభవం వచ్చినా అది మళ్ళీ రాదు. ఆ రోజుల్లో నాకది దండిగా ఉండేది. గూడూరులో ఇంజనీరింగు పూర్తిచేసి, నెల్లూరులో ఒక జిరాక్సు షాపు మేడ మీదున్న చిన్న కంపెనీలో ఫోన్ యాప్‌లు చేయడం నేర్చుకుంటున్నాను. (నేర్చుకుంటున్నానని ఇప్పుడంటున్నాను. అప్పుడెవరైనా అడిగితే 'చేస్తున్నాను' అనే చెప్పేదాన్ని.) మా ఊరు వాకాడు పక్కన. నాయనది వరిసేద్యం. ఆయన దృష్టిలో ఉద్యోగమంటే బ్యాంకులో అద్దం వెనక ఫ్యాను కింద కూర్చునేదే, తక్కినవన్నీ కాలక్షేపం. వేలు ఆనిస్తే పేర్ల వరసలు పైకీ కిందికీ జారే తెర ఒకటి చేసి, ఎంతో ముచ్చటపడి ఆయనకు చూపించాను. కాసేపు తోసి చూసి, "ఆడ శ్రీహరికోటలో రాకెట్లు పైకి లేపతా ఉండారు, ఈడ నువ్వు పేర్లు పైకి తోస్తా ఉండావు. బాగుండాది" అన్నాడు. ఆ బాగుండడం ఎలాంటిదో మా నాయన్ని ఎరిగినవాళ్ళకు చెప్పక్కర్లేదు.

అది మా వదిన పెళ్ళి కుదిరిన వేసవి. వదినంటే మా పాస్టరు మామ కూతురు. పాస్టరు మామ మా అమ్మకు అన్న, మా ఊరి చర్చికి సంఘకాపరి. ఆ పెళ్ళి కబురు ఇంటికొచ్చిన రోజునే నాయన నాకొక గడువు పెట్టాడు. "ఈ పెండ్లి లోపల నలుగురికి పనికొచ్చేది ఏదన్నా ఒకటి చేసి చూపించు పాపా. చూపించినావా, నీ జోలికి రాను. లేదా, గమ్మున బ్యాంకు కోచింగుకు పో. మాటంటే మాట" అన్నాడు. నాకు బ్యాంకు మీద కోపమేమీ లేదు. (లెక్కల మీద ఉంది.) కానీ ఈ యాప్‌ల పని నాకు నిజంగా ఇష్టం. దాన్ని వదిలి పోవాలనుకుంటేనే ప్రాణం ఉసూరుమనేది. అమ్మ దగ్గర కాస్త ఏడ్చి చూశాను గానీ, ఆమె కూడా "ఆయన చెప్పినాడంటే చెప్పినట్టే మే" అని చేతులెత్తేసింది.

నలుగురికి పనికొచ్చేది ఏముందా అని వెతుకుతుంటే చర్చి పాటల పుస్తకాలు కనిపించాయి. వాటిలో సగానికి అట్టలు లేవు, మిగతా సగానికి అట్టలే ఉన్నాయి. ఆ పాటలన్నీ ఫోన్లోకి ఎక్కిస్తే సంఘమంతా నన్ను మెచ్చుకుంటుంది, నాయన నోరు మూతపడుతుంది అనుకున్నాను. మా చర్చిలో పాటను నంబరుతో పిలవడం తాతల నాటి అలవాటు. పాస్టరు మామ నంబరు చెప్పగానే పేజీలు రెపరెపలాడతాయి. ఆ నంబర్లు నాకు మోటుగా అనిపించాయి. వాటిని తీసేసి పాటలన్నీ అక్షరక్రమంలో పెట్టాను. "మరి నేను నంబరు చెప్తే ఎట్ట మే?" అని మామ అడిగితే, "నంబరెందుకు మామా, పాట మొదటి మాట చెప్పు చాలు" అని ఆయనకే బోధించాను. అంతటితో ఆగానా? వరస నొక్కగానే పాట తెరుచుకునే చోట పైన పేరు కూడా తీసేశాను. ఎందుకంటే అందం కోసం. తెల్లటి తెర మీద ఉత్త చరణాలే కనిపిస్తే చూడ్డానికి ఎంత బాగుందో!

మొదటిసారి చేసినప్పుడు పాటల పేర్లన్నీ ఒక్కసారే తయారుచేసి తెర మీద పేర్చాను. దాన్ని పరీక్షించే బాధ్యత అమ్మమ్మకు అప్పగించాను. ఆమె బొటనవేలు నాలిక్కి అద్దుకుని, పుస్తకంలో పేజీ తిప్పినట్టే తెరను ఒక తోపు తోసింది. ఫోను బిగుసుకుపోయింది. ఇంకోసారి తడి చేసి తోసింది. ఇంకా బిగుసుకుపోయింది. "ఇది పాడేదా పాపా, పండుకొనేదా?" అని అడిగింది అమ్మమ్మ. ఫోను మాత్రం అట్ల పెనంలా కాలింది.

మా ఆఫీసులో పెద్దాయన ఒకాయన ఉండేవాడు. ఏమడిగినా 'చూద్దాం' అనేవాడు కాబట్టి మేమంతా ఆయన్ని చూద్దామన్న అనేవాళ్ళం. ఆయన నా పని చూసి నెత్తి కొట్టుకున్నాడు. "పాటలన్నీ ఒకేసారి మోయమంటే ఫోను ఏం కావాల? తెర మీద పట్టేది పది పన్నెండు వరసలే గదా, అయి మటుకు చెయ్యి. పైకి పోయిన వరసనే మళ్ళా తెచ్చి కింద పెట్టుకో. పేరు మార్చు. అంతే" అన్నాడు. ఎంత తెలివైన ఏర్పాటు! వందల పాటలున్నా ఉన్న పది వరసలే గుండ్రంగా తిరుగుతాయి, చూసేవాళ్ళకు మాత్రం అంతులేని జాబితా కనిపిస్తుంది. ఆయన చెప్పినట్టే చేశాను. పేరు మార్చాను. యాప్ వెన్న మీద జారినట్టు జారింది. పైన 'అ'తో మొదలయ్యే నాలుగైదు పాటలు నొక్కి చూశాను, ఏది నొక్కితే అదే వచ్చింది. కిందికి పోయి అక్కడ కూడా నొక్కి చూడాలని నాకు తట్టలేదు. కిందికి జరిపినప్పుడల్లా ఆ జారడం చూసి మురిసిపోవడంతోనే సరిపోయింది.

పెళ్ళికి ముందు ఆదివారం ఊళ్ళో అందరి ఫోన్లలోకీ యాప్ ఎక్కించాను. గూడూరులో ఉన్న పెళ్ళికొడుకు వాళ్ళకు కూడా వాట్సాప్‌లో పంపాను. పుస్తకాలన్నీ బీరువాలో పెట్టించాను. నాయన తన ఫోన్లో కూడా పెట్టించుకున్నాడు. దాంతో నేను సగం గెలిచాననుకున్నాను.

పెళ్ళిరోజు చర్చి కిటకిటలాడింది. మా చర్చిలో ఒక పక్క ఆడవాళ్ళు, ఒక పక్క మగవాళ్ళు కూర్చుంటారు. ఆ రోజు ఆడవాళ్ళ పక్క దాదాపు అంతా మా ఊరివాళ్ళు, మగవాళ్ళ పక్క దాదాపు అంతా గూడూరు నుంచి బస్సులో దిగిన పెళ్ళికొడుకు బంధువులు. మా ఊరి మగవాళ్ళు వెనక నిలబడ్డారు. వాళ్ళతో వచ్చిన పెళ్ళికొడుకు అవ్వ ఒకామె, పెద్ద గొంతు మనిషి, ఎక్కడ కూర్చోవాలో ఎవరూ చెప్పనక్కర్లేకుండానే ముందు వరసలో కుర్చీ వేయించుకుంది. వదిన తెల్ల చీరలో, తల మీద ముసుగుతో వచ్చి నిలబడింది. పాస్టరు మామ పెళ్ళిపాట మొదటి మాట చెప్పాడు. అది 'వ'తో మొదలవుతుంది. అంటే జాబితాలో దాదాపు అడుగున ఉంటుంది. అందరూ వేళ్ళు పెట్టి తోశారు. (అమ్మమ్మ వేలు తడి చేసుకునే తోసింది.) ఒక్క ఫోను కూడా బిగుసుకోలేదు. నేను వెనక్కి తిరిగి నాయన వంక చూశాను. ఆయన కూడా తల దించుకుని తోస్తున్నాడు.

పాస్టరు మామ భార్య, మా అత్త, కీబోర్డు మీద బాణీ ఎత్తుకుంది. పల్లవి అందరికీ నోటికి వచ్చిందే కాబట్టి చర్చి కప్పు లేచిపోయేలా పాడారు. చరణాలు ఎవరికీ రావు. అక్కడ అందరూ ఫోన్లు చూసుకున్నారు. అంతే, ఆడవాళ్ళ పక్క నుంచి కోతపండగ పాట మొదలైంది. పొలాలు పండాయి, కొట్లు నిండాయి అని అదే పెళ్ళి బాణీలో సాగదీసుకుంటూ పాడుతున్నారు. మగవాళ్ళ పక్క నుంచేమో మట్టి మట్టిలో కలిసిపోతుందనీ, ఈ లోకంలో మన ప్రయాణం ముగిసిందనీ భూస్థాపనల్లో పాడే పాట వినిపించింది. అది కూడా ఎంతో హుషారుగా, చప్పట్లతో సహా. ఫోన్లో వచ్చిందంటే అదే సరైనదని అందరికీ గట్టి నమ్మకం. ఎదుటి పక్కవాళ్ళు తప్పు పాడుతున్నారనుకుని రెండు పక్కలవాళ్ళూ ఇంకా గొంతు పెంచారు. మామ చెయ్యి ఊపుతున్నాడు, దాన్ని కూడా తాళమనుకున్నారు.

చివరికి అందరి గొంతుల మీదుగా పెళ్ళికొడుకు అవ్వ గొంతు లేచింది. "నిలపండయ్యా! ఇటు పక్క కోతలు కోస్తా ఉండారు, అటు పక్క గుంట తవ్వతా ఉండారు. మా పిల్లోడికి పెండ్లి ఎవరు చేస్తారు?" అంది. చర్చి ఠక్కున ఆగిపోయింది. ముసుగు కింద వదిన భుజాలు కదులుతున్నాయి. అవ్వ లేచి దగ్గరికి పోయి, "ఏడవబాక బిడ్డా, ఏడవబాక" అని వీపు నిమిరింది. వదిన ఏడవడం లేదు. నవ్వాపుకోలేక చస్తోంది. ఆ సంగతి నాకు తెలుసు కానీ నాకు మాత్రం నవ్వు రాలేదు. ముందు బెంచీ చాటుకు తల దించుకున్నాను.

మామ గొంతు సవరించుకుని, "ఫోన్లు జేబుల్లో పెట్టేయండి. పాట వచ్చినోళ్ళు పాడండి, రానోళ్ళు చప్పట్లు కొట్టండి" అన్నాడు. పెళ్ళి చక్కగా జరిగిపోయింది. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. నేను పక్కనుంచి పోతున్నప్పుడు మాత్రం మా ఊరి ఆడవాళ్ళు కోతపండగ పాట సన్నగా కూనిరాగం తీశారు.

చర్చి వెనక షామియానా కింద భోజనాలు. పోయి ఎక్కడైనా దాక్కుందామంటే అమ్మ చెయ్యి పట్టుకుని తీసుకుపోయి నాయన పక్కన కూర్చోబెట్టింది. నాయన కోప్పడలేదు. బిర్యానీలో ముక్కలు నా ప్లేటులోకి జరిపి, మెల్లగా, "సోమవారం నించి కోచింగుకు పో పాపా. మాటంటే మాట గదా" అన్నాడు. ఆయన తిట్టి ఉంటే ఎదురు చెప్పేదాన్నేమో. అంత మెత్తగా చెప్పేసరికి "సరే నాయనా" అన్నాను.

అప్పుడే మా ఎదురుగా కూర్చున్న గూడూరు పెద్దమనిషి ఒకాయన ప్లేటు పైకెత్తి, వడ్డించేవాళ్ళ మీద గొడవకు దిగాడు. చర్చికి సొంత స్టీలు ప్లేట్లున్నాయి. ఒక బంతి లేవగానే వాటినే కడిగి తర్వాతి బంతికి వేస్తారు. ఆయన ప్లేటు కడగడం మరిచిపోయినట్టున్నారు. "ఏందయ్యా ఇది? నేనింకా నోట్లో ముద్ద పెట్టలేదు, నా ప్లేటులో ఎవురో నమిలిన ఎముక ఉండాది" అంటున్నాడు.

నేను ఆ ప్లేటు వంకే చూస్తూ ఉండిపోయాను. పైకి పోయిన వరసను మళ్ళీ కిందికి తెచ్చాను. పేరు మార్చాను. మరి ఆ వరస కింద ఉన్న పాటను? మార్చలేదు! బయట పేరు పెళ్ళిపాటది, లోపల ఉన్నది ఆ వరసను మొట్టమొదట తయారుచేసినప్పటి పాట. అందుకే పైన ఉన్న పాటలు సరిగ్గా వచ్చాయి. అందుకే కింద ఏది నొక్కినా 'అ'తో మొదలయ్యే పాటల్లో ఏదో ఒకటి వచ్చింది. ఫోను పొడవును బట్టి వరసలు తిరిగే లెక్క మారుతుంది కాబట్టి, మా ఊరి పొట్టి ఫోన్లకు కోతపాట, గూడూరు పొడుగు ఫోన్లకు సమాధిపాట. "దొరికింది!" అని గట్టిగా అరిచాను. ఎముక గురించి అనుకుని ఆ పెద్దమనిషి "ఎవురిది?" అన్నాడు. నేను అప్పటికే లేచి పరుగెత్తాను.

వదిన చిన్నప్పటి ఫోటోలు తెర మీద వేయడానికి తెచ్చిన నా ల్యాప్‌టాపు చర్చి పక్క గదిలో ఉంది. కుడిచేతి నిండా బిర్యానీ, కడుక్కోవాలన్న ధ్యాస కూడా లేదు. ఎడమచేత్తో ఒక్కొక్క అక్షరమే కొట్టుకుంటూ కూర్చున్నాను. నిజానికి చేయాల్సింది చిన్న మార్పే. పేరుతో పాటు పాటను కూడా మార్చమని చెప్పాలి, అంతే. దానికి ఆ ఎడమచేత్తో ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు గానీ, తలెత్తేసరికి గుమ్మంలో నాయన నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో మరి.

"ఇదో నాయనా, ఇప్పుడు నొక్కు" అని ఫోను ఇచ్చాను. ఆయన అడుగు దాకా తోసుకుంటూ పోయి పెళ్ళిపాట నొక్కాడు. పెళ్ళిపాటే వచ్చింది. చిట్టచివరి పాట నొక్కాడు, అదీ సరిగ్గానే వచ్చింది. మధ్యలో ఎక్కడో ఆపి ఇంకోటి నొక్కాడు. మొహంలో ఏమీ కనిపించనివ్వకుండా ఫోను బల్ల మీద పెట్టి, బిర్యానీ ఎండి అంటుకుపోయిన నా కుడిచెయ్యి వంక చూశాడు. అంతలో అమ్మ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. "కోచింగుకు వొద్దులే. దాని పనేందో దాన్ని చేసుకోనీ" అన్నాడు ఆమెతో.

అమ్మ తెల్లబోయింది. "ఏం, ఇప్పుడు పాటలు సరిగ్గా వస్తా ఉండాయా?"

"పాటల సంగతి నాకేం తెలుసు మే? అది బిర్యానీ వదిలిపెట్టి లేచింది. జ్వరమొచ్చినప్పుడు కూడా లేచిందా అట్ట, ఎప్పుడన్నా చూసినావా నువ్వు?" అన్నాడు నాయన. అమ్మ ఆలోచించి, లేదని తల అడ్డంగా ఊపింది. నాకు ఒక్కసారిగా ఏడుపు ముంచుకొచ్చింది. ఆ చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాను, మసాలా మండి ఇంకా ఏడ్చాను.

ఇప్పుడు నేను చెన్నైలో ఇదే పని చేస్తున్నాను. నా కింద నలుగురు పిల్లలు పనిచేస్తారు, వాళ్ళకు వరసల సంగతి నేనే చెబుతాను. మొన్న మధ్యాహ్నం భోజనం చేస్తుండగా, వాళ్ళంతా వారం నుంచి వెతుకుతున్న తప్పు ఎక్కడుందో నాకు ఉన్నట్టుండి తట్టింది. ఆ రోజు బిర్యానీయే. తాపీగా మొత్తం తిన్నాను, ముక్కలు ఒకటికి రెండుసార్లు వేయించుకున్నాను, చెయ్యి కడుక్కుని, కాఫీ తాగి, వెళ్ళి రెండు చేతులతో సరిచేశాను. తప్పు ఎక్కడికీ పారిపోలేదు. నలుగురూ మెచ్చుకున్నారు కూడా. అయినా సాయంత్రం దాకా ఎందుకో కొంచెం సిగ్గుగానే ఉండింది. నాయన ఆ దగ్గర్లో లేడు కాబట్టి సరిపోయింది గానీ, చూసి ఉంటే నన్ను సోమవారం నుంచి కోచింగుకు పంపేవాడు.