మాట మీద వేసిన ఓటు

మా నాన్న ఒబదయా టారంట్ వర్జీనియాలో పొగాకు పీపాలు చేసేవాడు. ఇంగ్లండు రాజుతో యుద్ధానికి ముందు, సర్కారు అనుమతి లేకుండా బాప్టిస్టు బోధ చేశాడని రాజుగారి షెరీఫు ఆయన్ని జైల్లో పెట్టాడు. నాన్న కిటికీ ఊచల్లోంచి కూడా బోధించాడట.

రాజు పాలన పోయింది. కొత్త దేశానికి రాజ్యాంగం రాశారు. దాన్ని ఒప్పుకోవాలో వద్దో తేల్చే సభకు మా తరఫున మేజర్ లైల్ పోటీకి నిలబడ్డాడు. మా దగ్గర ఓటంటే కోర్టు మెట్లెక్కి, పోటీదారు ఎదుటే, అందరికీ వినబడేలా పేరు చెప్పాలి. నాన్న మెట్లెక్కాడు; నేను మా బండి పక్కనుంచి చూస్తున్నాను.

"మేజరు గారూ, ప్రార్థన చేసుకునేవాణ్ణి జైల్లో పెట్టకూడదని ఈ రాజ్యాంగంలో ఎక్కడుంది?" అన్నాడు నాన్న.

"పెట్టొచ్చని మాత్రం ఎక్కడుందయ్యా? రాయని అధికారం ఎవరికీ ఉండదు."

"నన్ను పెట్టినవాళ్ళు అధికారం చూపించలేదండీ, తాళంకప్ప చూపించారు."

జనం నవ్వారు. లైల్ నవ్వలేదు. "ముందు దీన్ని గట్టెక్కనివ్వు. కొత్త చట్టసభ కూర్చోగానే హక్కులు చేరుస్తాం. ఇది నా మాట."

నాన్న అందరికీ వినబడేలా, "మేజర్ లైల్" అన్నాడు. లైల్ తల వంచి కృతజ్ఞత చెప్పాడు.

ఆదివారం మందిరంలో మా సంఘపెద్ద బ్రదర్ ఈనక్ ఊరుకోలేదు. "రాసివ్వనిదానికి ఓటేసొచ్చావు. మళ్ళీ షెరీఫు తలుపు తడితే నీ మేజర్నే పిలుచుకుందువులే!"

ఇంటికొచ్చాక నాన్న, "తప్పు చేశానంటావా తల్లీ?" అని నన్నడిగాడు.

ప్రార్థన హక్కుతో సహా ఆ హక్కులు రాజ్యాంగంలో చేరేసరికి మూడేళ్ళు దాటింది. అంతకాలమూ పక్కన ఎవరూ కూర్చోక, నాన్న మందిరంలో చివరి బల్ల మీద ఒక్కడే కూర్చున్నాడు.