వీరభద్రరావు పొయ్యి వెలిగించిన రోజు

వీరభద్రరావు యాభై ఆరో ఏట స్కూల్ బస్సు డ్రైవరయ్యాడు. అంతకుముందు ఇరవై రెండేళ్లు అమెరికాలో, న్యూజెర్సీ రాష్ట్రం పార్సిప్పనీలో ఒక ఇన్సూరెన్స్ కంపెనీకి మెయిన్‌ఫ్రేమ్ ప్రోగ్రాములు రాశాడు. కంపెనీ ఆ పాత ప్రోగ్రాములను మూలన పడేసిన ఏడాదే ఆయన్ని కూడా ఇంటికి పంపించింది. ఎనిమిది నెలలపాటు రెజ్యూమెలు పంపుతూ, ఇంటర్వ్యూల్లో తన కూతురి వయసు పిల్లలకు జవాబులు చెబుతూ గడిపాడు. ఒకరోజు సిగ్నల్ దగ్గర ఆగిన పసుపుపచ్చ బస్సు వెనక ‘డ్రైవర్లు కావాలి, శిక్షణ మేమే ఇస్తాం’ అన్న బ్యానరు కనిపించింది. ఆ మాట భార్యకు ఎలా చెప్పాలా అని రెండు రోజులు నాన్చి, మూడో రోజు భోజనాల దగ్గర చెప్పాడు. చాముండేశ్వరి నవ్వలేదు, నొచ్చుకోనూ లేదు.

“మీ డ్రైవింగ్‌కి పక్క సీట్లో కూర్చున్న నాకే నిద్రొచ్చేస్తుంది. పిల్లలకి అంతకన్నా ఏం కావాలి? అప్లై చెయ్యండి” అంది.

ఆయన జాగ్రత్త అలాంటిది. పచ్చ లైటు పడ్డాక కూడా రెండు పక్కలా చూసిగానీ కదలడు. అందుకే, రెండేళ్ల కిందట అక్టోబరులో తన ఇంట్లో తన చేతులమీదుగా జరిగింది ఆయన మనసులో అంత లోతుగా దిగబడిపోయింది.

బస్సు ఉద్యోగం వచ్చాక వాళ్లు పార్సిప్పనీ వదిలి, న్యూజెర్సీకి వాయవ్య మూలన ఉన్న కొండల్లోకి మారారు. న్యూటన్ ఊరికి నాలుగు మైళ్ల దూరంలో, వెనక అంతా అడవిగా ఉన్న పాత ఇల్లు. హాల్లో ఒక మూల నల్లటి ఇనప పొయ్యి, దాని నెత్తిమీదనుంచి పైకప్పులోకి వెళ్లే పొగగొట్టం. ఇల్లు వెచ్చబెట్టడానికి గ్యాస్ ఫర్నెస్ వేరే ఉంది కానీ, వీరభద్రరావు మనసంతా ఆ కట్టెల పొయ్యిమీదే పడింది. ఆ వేసవిలో గాలివానకు పెరట్లో ఒక ఓక్ చెట్టు పడిపోతే, మనిషిని పెట్టి ముక్కలు కొట్టించి, షెడ్డులో గోడలా పేర్పించాడు. చలి ఎప్పుడొస్తుందా అని పండక్కి ఎదురుచూసే పిల్లాడిలా కాచుకున్నాడు.

అక్టోబరు మూడో తారీఖు పొద్దున గడ్డిమీద సన్నగా మంచు కనిపించింది. ఇంకేముంది, పొయ్యి నిండా దుంగలు పేర్చి అంటించాడు. మంట సరిగా అందుకోలేదు. దుంగలు చివరల్లో నురగలు కక్కుతూ చుయ్యిమన్నాయి. పది గంటలకల్లా బయట ఎండకాసి, చొక్కా మీద తిరిగేంత వెచ్చదనం వచ్చింది. పొగ పైకి పోవడం మానేసి ఇంట్లోకి తిరిగింది. ఆయన పొయ్యి తలుపు తెరిచి కట్టెలు సర్దబోతే మరింత పొగ కమ్ముకుంది. కార్బన్ మోనాక్సైడ్ అలారం చెవులు పగిలేలా మోగింది. చాముండేశ్వరికి ఆస్తమా ఉంది. వంటింట్లోంచి దగ్గుతూ వచ్చి హాలు మధ్యలోనే మోకాళ్లమీద కూలబడింది. ఆయన ఆమెను ఎత్తుకున్నట్టే పట్టుకుని బయటికి తెచ్చాడు. ఫైరింజను వచ్చింది. అంబులెన్సులో ఆక్సిజన్ పెట్టి తీసుకెళ్లారు.

సాయంత్రానికి ఆమె కులాసాగా ఇంటికి వచ్చేసింది. “పొగ చూరిన పప్పులాగున్నాం ఇద్దరం” అని నవ్వింది కూడా. ఆయన మాత్రం నవ్వలేకపోయాడు. మర్నాడు పొయ్యిని తుడిచి, దానిమీద మనీప్లాంట్ కుండీ తెచ్చిపెట్టాడు. ఎవరైనా అడిగితే పొయ్యి పాడైందని చెప్పేవాడు. ఆ చలికాలమంతా ఫర్నెస్‌తో గడిచింది. షెడ్డులో కట్టెలు పేర్చినవి పేర్చినట్టే ఉండిపోయాయి. హాల్లో ఆ మూలకు మొహం పెట్టి కూర్చోవడం కూడా ఆయన మానేశాడు.

నిరుడు సెప్టెంబరులో ఒక సాయంత్రం చాముండేశ్వరి చపాతీలు వత్తుతూ మామూలుగా అంది. “రేపు తొమ్మిదింటికి చిమ్నీ క్లీన్ చేసేవాళ్లు వస్తున్నారు. మీ మార్నింగ్ ట్రిప్ అయిపోతుందిగా? ఆ కుండీ తీసి కిటికీలో పెట్టండి.”

“ఎందుకిప్పుడు? ఎవరు రమ్మన్నారు?”

“నేనే బుక్ చేశాను. దగ్గింది నేను. నాకే లేదు భయం. మీకెందుకండీ?”

ఆయన లేచి కుండీ తీసి కిటికీలో పెట్టాడు.

వచ్చినావిడ పేరు మార్లీన్. అరవై దాటి ఉంటాయి. పొట్టిగా, గట్టిగా, గోళ్ల సందుల్లో మసితో ఉంది. నలభై ఏళ్లుగా ఆ కొండల్లో పొగగొట్టాలు తుడుస్తోందట. నిచ్చెనేసి పైకెక్కి, పొడుగాటి బ్రష్షుతో గొట్టమంతా రుద్ది, చివరికి ఒక చిన్న కెమెరాను తాడులా లోపలికి వదిలింది. వీరభద్రరావు పక్కన నిలబడి, డాక్టరు ఎక్స్‌రే చూస్తుంటే మొహం చదివే చుట్టంలా ఆమె మొహమే చూస్తున్నాడు. గొట్టంలో పగులుందని ఆమె అంటే బాగుండునని ఆయనకు లోపల ఎక్కడో ఉంది. అప్పుడు తప్పు గొట్టానిదవుతుంది.

“భేషుగ్గా ఉంది” అంది మార్లీన్ తన ఇంగ్లీషులో. “పగుళ్లు లేవు, పక్షి గూళ్లు లేవు. ఇంత మంచి పొయ్యిని ఎందుకు వాడటం లేదు మిస్టర్ రావ్?”

ఆయన జరిగిందంతా చెప్పాడు. ఎవరికైనా మొత్తం చెప్పడం అదే మొదటిసారి. ఆమె మధ్యలో రెండే ప్రశ్నలు వేసింది. ఆ రోజు బయట ఎంత వేడి? ఆ కట్టె కొట్టి ఎన్నాళ్లయింది?

“మూడు నెలలు” అన్నాడు ఆయన.

ఆమె తల పంకించింది. “వేడిగాలి పైకి లేవాలంటే బయట అంతకన్నా బాగా చల్లగా ఉండాలి. ఎండకాసిన రోజున గొట్టంలో గాలి బిరడాలా కూర్చుంటుంది, కదలదు. దానికి తోడు మీరు పచ్చి ఓక్ పెట్టారు. అది మండదు, ఉడుకుతుంది. పొయ్యి మంచిదే, గొట్టం మంచిదే. మీరు తొందరపడ్డారు, అంతే.”

తర్వాత షెడ్డుకు తీసుకెళ్లమంది. ఒక దుంగను గొడ్డలితో చీల్చి, చీలిన లోపలి వైపు రెండు సూదులున్న చిన్న మీటరు గుచ్చి చూపించింది. తేమ పదిహేడు శాతమని వచ్చింది. ఇరవైకి తక్కువుంటే తేమ పోయినట్టే. “మీరు వాడకపోవడం మంచిదైంది. రెండో వేసవి కూడా ఎండాయి. ఇంతకన్నా మంచి కట్టె ఈ రోడ్డులో ఎవరి దగ్గరా లేదు” అని చెయ్యి దులుపుకుంది. పగలు కూడా నలభై ఐదు డిగ్రీలు దాటని రోజు వచ్చేదాకా ఆగమని, ముందు కాగితం చుట్టి గొట్టం నోటి దగ్గర వెలిగించి గాలి పైకి లాగుతోందో లేదో చూసుకోమని, మొదటి మంట చిన్నగా పెట్టమని చెప్పి వెళ్లిపోయింది. ఇక్కడి ఫారెన్‌హీట్ లెక్కలో నలభై ఐదంటే, స్వెట్టరు మీద కోటు తొడుక్కోవలసిన చలి.

అక్టోబరు వచ్చింది. వీరభద్రరావు వరండాలో థర్మామీటరు బిగించాడు. బస్సుకు వెళ్లే ముందు, వచ్చిన తర్వాత దానివైపు చూసేవాడు. నెల చివరికి నలభై ఐదు దాటని రోజులు ఒకటి, రెండు, నాలుగు వచ్చాయి, పోయాయి. ఒకరోజు గాలి ఎక్కువగా ఉందన్నాడు. ఇంకోరోజు మబ్బుందన్నాడు. మరోరోజు ఎల్లుండి ఎండొస్తుందట, ఈ రెండు రోజులకి ఎందుకన్నాడు. చాముండేశ్వరి శాలువా మీద శాలువా కప్పుకుని చూస్తూ వచ్చింది. చివరికి ఒక సాయంత్రం టీ కప్పు ఆయన చేతికిస్తూ అనేసింది.

“మీరు చలి కోసం ఆగట్లేదండీ. భయం పోయే రోజు కోసం ఆగుతున్నారు. అది ఏ ఫోర్‌కాస్ట్‌లోనూ రాదు.”

ఆయన టీ తాగి కప్పు కడిగి పెట్టాడు.

నవంబరు మొదటి వారంలో, చెట్లమీద ఇంకా సగం ఆకులుండగానే, తడిమంచు పడింది. ఆకులమీద పేరుకున్న మంచు బరువుకు కొమ్మలు ఫెళ్లుఫెళ్లున విరిగాయి. పొద్దున్నే వీరభద్రరావు బస్సుకు బయల్దేరబోతుండగా స్కూళ్లు లేవని మెసేజ్ వచ్చింది. అంతలోనే కరెంటు పోయింది. ఫర్నెస్ గ్యాస్‌తో నడిచేదే అయినా, వేడిగాలిని ఇంట్లోకి ఊదే ఫ్యాను కరెంటుదే కనుక అదీ ఆగిపోయింది. బయటికెళ్లే దారికి అడ్డంగా ఒక పెద్ద మేపుల్ చెట్టు పడి ఉంది. కారు తీసే వీలు లేదు.

తొమ్మిదింటికి హాల్లో అరవై మూడు డిగ్రీలు. పదకొండుకి యాభై ఎనిమిది. కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌నుంచి కూతురు దేదీప్య ఫోన్ చేసింది.

“నాన్నా, హోటల్ బుక్ చేస్తా. యూ బోత్ జస్ట్ వెళ్లిపో, ఓకే?” ఇక్కడ పెరిగిన పిల్ల తెలుగు అలాగే ఉంటుంది.

“ఎలా వెళ్తామమ్మా, చెట్టు అడ్డంగా పడింది. తీయడానికి రెండు రోజులు పడుతుందంటున్నారు.”

“మరి అమ్మ బ్రీతింగ్? కోల్డ్ అయితే అమ్మకి బాగోదు కదా!”

ఆ మాటతో ఆయన తలెత్తి చూశాడు. చాముండేశ్వరి సోఫాలో రెండు దుప్పట్లు కప్పుకుని ముడుచుకుని ఉంది. ఇన్‌హేలర్ పక్కనే ఉంది. పొద్దుటినుంచి రెండుసార్లు వాడింది. ఊపిరి తీసినప్పుడల్లా సన్నగా ఈల వినిపిస్తోంది. పొయ్యి వెలిగిస్తే ఆమెకు ఏమవుతుందోనని ఏడాదిగా వణికినవాడికి, వెలిగించకపోతే ఏమవుతుందో ఇప్పుడు కళ్ల ఎదుట కనిపించింది.

“పెట్టేస్తానమ్మా. మళ్లీ చేస్తాను” అని ఫోన్ పెట్టేశాడు.

వరండాలోకి వెళ్లి థర్మామీటరు చూశాడు. ముప్పై రెండు. గాలి లేదు. అలారం బ్యాటరీ మార్చి, మీట నొక్కి మోగించి చూశాడు. కిటికీ ఒకటి వేలెడు తెరిచాడు. షెడ్డులోంచి సన్నగా చీల్చిన పుల్లలు, నాలుగు చిన్న ముక్కలు తెచ్చాడు.

“నువ్వు లోపలి గదిలో కూర్చుని తలుపేసుకో చాముండీ.”

“ఇక్కడే ఉంటా. పొగొస్తే ఇద్దరం కలిసే బయటికి నడుద్దాం. దుప్పట్ల కింద కోటు కూడా వేసుకునే ఉన్నా.”

ఇండియన్ స్టోర్లో ఊరికే ఇచ్చే వారపత్రికను పాయలా మెలితిప్పి, చివర అంటించి, పొయ్యి లోపల గొట్టం నోటి దగ్గరికి ఎత్తి పట్టుకున్నాడు. పొగ ఒక్క క్షణం నిలబడి, తటపటాయించి, ఆయన మొహం వైపు వంగింది. ఆయన ఊపిరి బిగపట్టాడు. మరుక్షణం ఎవరో పైనుంచి పీల్చినట్టు ‘హుష్’ మంటూ మంట నిట్టనిలువుగా లేచింది. పొగంతా దారం లాగినట్టు గొట్టంలోకి పోయింది.

“లాగుతోంది!” అన్నాడు గట్టిగా. “చాముండీ, లాగుతోంది!”

పుల్లలు అంటుకున్నాయి. చిటపటలు తప్ప నురగ లేదు, చుయ్యిమనడం లేదు. పావుగంట ఆగి ఒక ముక్క పెట్టాడు. దాని అంచులు ఎర్రగా అందుకున్నాక తలుపు మూశాడు. అలారం వైపు చూశాడు. పచ్చ చుక్క నింపాదిగా వెలుగుతోంది. ముక్కుతో గాలి పీల్చి చూశాడు. ఎండిన కట్టె వాసన, అంతే. అదీ చాలక చెప్పులతోనే మంచులోకి పరిగెత్తి ఇంటికప్పు వైపు చూశాడు. గొట్టం కొసన నల్లటి పొగ కాదు కదా, తెల్లటి పొగ కూడా సరిగా లేదు. గాలి మాత్రం అక్కడ నీళ్లలా కదులుతోంది.

లోపలికొచ్చేసరికి కళ్లద్దాలకు ఆవిరి పట్టేసింది. అవి తీసి తుడుచుకుంటూ, కళ్లు కూడా తుడుచుకున్నాడు. పొయ్యి ఎదురుగా నేలమీదే కూర్చుండిపోయాడు. ఏడాదిగా భుజాలమీద ఏదో మోస్తున్నట్టు, అది దిగాక గానీ తెలియనట్టు, గట్టిగా ఒక నిట్టూర్పు వదిలాడు.

“ఏమండీ, అక్కడే కూర్చుంటారా, నన్నూ రానిస్తారా?” అంటూ చాముండేశ్వరి దుప్పట్లతో సహా వచ్చి పక్కన కుర్చీలో కూర్చుంది.

ఒంటిగంటకు హాల్లో అరవై ఆరైంది. ఆమె పొయ్యి నెత్తిన నీళ్లు పెట్టి, టీ కాచి, తర్వాత అదే గిన్నెలో ఉప్మా చేసింది. ఇనుము మీద నిదానంగా ఉడికిన ఆ ఉప్మా కాస్త అడుగంటింది. ఇద్దరూ గోకి మరీ తిన్నారు. కూతురికి మంట ఫొటో పంపితే, వరసగా పది గుండె గుర్తులు వచ్చాయి. మధ్యాహ్నం ఆమె కుర్చీలోనే నిద్రపోయింది. వీరభద్రరావు దగ్గరగా వంగి విన్నాడు. ఈల లేదు. ఊపిరి మెత్తగా వచ్చిపోతోంది. ఆయన కూడా కార్పెట్ మీద చెయ్యి తలకింద పెట్టుకుని ఒరిగాడు. ఆ గదిలో అంత నిశ్చింతగా కన్ను మూసి ఎన్నాళ్లయిందో.

మర్నాడు సాయంత్రం నాలుగింటికి చెట్టు కోసేవాళ్లు వచ్చారు. అయిదింటికి కరెంటు వచ్చింది. ఫ్రిజ్ గుర్రుమంది, వంటింట్లో లైట్లు వెలిగాయి, కింద ఫర్నెస్ ఫ్యాను తిరగడం మొదలైంది.

“వచ్చేసిందిగా. పొయ్యి ఆర్పేద్దామా?” అంది చాముండేశ్వరి.

ఆయన లేచి వరండా తలుపు తీసి థర్మామీటరు చూసొచ్చాడు. “ముప్పై నాలుగు” అన్నాడు. గోడమీది మీట నొక్కి ఫర్నెస్‌ను ఆపేసి, పొయ్యి తలుపు తెరిచి, నిప్పులమీద ఇంకో దుంగ పెట్టాడు.