ఏడ్వని పిల్ల

మా మనుమరాలు ఏడ్వదని వాడకట్టంతా మెచ్చుకునేది. "ఏం బంగారు పోరి! ఊయలల ఏస్తే ఊయలల్నే ఉంటది, తల్లిని సతాయించనే సతాయించది" అనేవాళ్లు ఇంటికి వచ్చినవాళ్లు. మా కోడలు నవ్వి ఊరుకునేది.

మాది మరమగ్గాల ఇల్లు. కరీంనగర్ దిక్కు మేం వాటిని సాంచెలు అంటాం. ఇంటి వెనుక రేకుల షెడ్డులో కొడుకు సాంచెలు నడిపేవాడు. కోడలు పక్కన కూర్చుని నూలును కండెలకు చుట్టేది. పిల్ల పుట్టిన కొన్ని నెలలకే ఊయల షెడ్డులోకి చేరింది. సాంచెల ఇళ్లలో అందరూ చేసే పనే. ఆ చప్పుడుకు అలవాటైతే పిల్లలు ఉలిక్కిపడకుండా నిద్రపోతారని మా నమ్మకం. తల్లి కళ్ల ముందే ఉంటుంది, ఇంకేం కావాలి అనుకుంటాం.

ఆ షెడ్డులో మనిషి గొంతు వినపడదు. అందుకే అక్కడ అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. బొటనవేలు నోటి దగ్గర పెడితే నీళ్లు. రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తే పోగు తెగింది. పొట్ట మీద తడితే అన్నం. మా పోరి ఇవన్నీ నడక రాకముందే నేర్చింది. చూసినవాళ్లు ముద్దుపెట్టుకున్నారు. మూడో ఏడు దగ్గరపడుతున్నా నోట్లోంచి ఒక్క మాట రాలేదు.

"మూగదేమో, ఒకసారి సూపియ్యున్రి" అని అంగన్‌వాడీ టీచరమ్మ అంది. కోడలూ నేనూ కరీంనగర్ తీసుకుపోయాం. డాక్టరమ్మ చెవులు చూసింది, గొంతు చూసింది. అన్నీ బాగున్నాయి. తర్వాత కోడలిని అడిగింది.

"పాప ఏడిస్తే ఎవరు ఎత్తుకుంటారమ్మా?"

"ఏడ్వది మేడం."

"అసలు పుట్టినప్పటి నుంచీనా?"

కోడలు పిల్లను ఒళ్లోకి లాక్కుంది. "సాంచెల సప్పుడుల ఏడ్సినా ఇనరాది గద మేడం" అంది.

బదులు పలికేవాళ్లుంటేనే పిల్లకు మాటలు వస్తాయని డాక్టరమ్మ చెప్పింది. అది నాకు బస్సులో తిరిగి వస్తుంటే పూర్తిగా తలకెక్కింది. బావిలో బొక్కెన వేస్తే నీళ్లు రావాలి. వేసిన ప్రతిసారీ ఉత్త బొక్కెనే పైకి వస్తే ఎవరైనా ఎందుకు వేస్తారు? ఆ పిల్లా మొదట్లో ఏడ్చే ఉంటుంది. ఎవరూ రాలేదు. గొంతుతో పని కాదని తెలుసుకుని మానేసింది. దాన్ని మేం బుద్ధిమంతురాలు అన్నాం.

ఇంటికి వచ్చి చెప్పగానే కొడుకు ఒక ఉపాయం తీశాడు. పిల్లను పెద్దపల్లి దగ్గర అమ్మమ్మ ఇంట్లో ఉంచుదామన్నాడు. అక్కడ సాంచెలు లేవు, చప్పుడు లేదు. ఫోనులో మా వదినె, అంటే కోడలి తల్లి, సరే అంది. ఆ సాయంత్రమే కోడలు మారు మాట్లాడకుండా పిల్ల గౌన్లు మడతపెట్టి సంచిలో సర్దుతోంది. నాకు ఒళ్లు మండింది.

"సప్పుడు లేని ఇల్లు కాదురా దానికి కావాల్సింది. మాట్లాడే తల్లి కావాలె."

"మరి కండెలెవరు సుడుతరే అవ్వా?"

"నేను సుడుత."

"గా మోకాళ్లతోనా?"

"కండెలు మోకాళ్లతో సుడుతరారా?"

వాడికి నవ్వొచ్చింది. అయినా దిగిరాలేదు. "మాటలు నేర్సే యాళ్ల దాటిపోయిందే. ఇగ దానికి మాటలస్తయా?" అన్నాడు.

"నలభై దాటినంక నాకు అక్షరాలొచ్చినయి. మూడేళ్లకు దానికి మాటలు రావారా?"

చివరికి బతుకమ్మ పండుగ దాకా గడువు ఇచ్చాడు. అప్పటికీ నోరు విప్పకపోతే వదినె వచ్చి తీసుకుపోవాలి.

నేను షెడ్డులో కూర్చున్నాను. కోడలిని, పిల్లను ముందు గదిలో కూర్చోబెట్టాను. కోడలికి ఏం చేయాలో తోచలేదు. "ఏం మాట్లాడాలె అత్తమ్మా? అది తిరిగి మాట్లాడుతదా ఏంది?" అంది. "వంకాయ కోస్తే వంకాయ ముచ్చట జెప్పు. నువ్వు తలదువ్వుకుంటే తల ముచ్చట జెప్పు. దాని మొకం జూసుకుంట జెప్పు" అన్నాను. పిల్ల బొటనవేలు చూపిస్తే ఆమె మాట లేకుండా నీళ్లు ముంచి ఇచ్చేది. "'నీళ్లా బిడ్డా' అని నోటితోని అని ఇయ్యే" అని షెడ్డులోంచి వచ్చినప్పుడల్లా నేను వెంటపడ్డాను.

పక్కింటామె ఊరుకుంటుందా? "ముసల్దాన్ని సాంచెల్లకు తోలి కోడలు ఆడుకుంటున్నది" అంది.

"ఆడుకోనీ. గదీ పనే" అన్నాను.

చాలా రోజులు ఏమీ కాలేదు. ఒక పగలు కరెంటు పోయి సాంచెలు ఆగాయి. కోడలు దుకాణానికి పోయింది. పిల్ల గడప దాకా పోయి, వాడకట్టు దద్దరిల్లేలా ఏడుపు మొదలుపెట్టింది. కొడుకు పరుగెత్తుకొచ్చాడు. "గిదేందే, మంచిగున్న పోరిని సెడగొట్టినవ్!"

"నువ్వు ఎత్తుకోకు. తల్లి వస్తున్నది, రానీ."

కోడలు పప్పు పొట్లం గట్టిగా పట్టుకుని ఉరికొచ్చింది. "వచ్చిన బిడ్డా, వచ్చిన" అని ఎత్తుకుంది. పిల్ల ఆగింది. మర్నాడు తల్లి గడప దాటగానే మళ్లీ అందుకుంది. ఇక రోజూ అదే. ఇల్లు ఇల్లులా లేదని కొడుకు పరేషాన్ అయ్యాడు. నాకు మాత్రం బొక్కెనలో నీళ్లు కనపడ్డాయి.

అయినా మాట రాలేదు. పండుగ వచ్చింది, వదినె వచ్చింది. అన్న మాట ప్రకారం ఆటో పిలిచారు. నేను అడ్డం పడలేదు. నేను ఎంత అరిచినా తల్లి అనాల్సిన మాట నేను అనలేను. వదినె పిల్లను చంకనెత్తుకుని వాకిట్లోకి దిగింది. పిల్ల వెనక్కి విరుచుకుపడి, రెండు చేతులూ చాపి, ఏడుస్తూ "అమ్మా" అంది.

"ఏడుపుల అందరు గట్లనే అంటరు" అని కొడుకు గొణిగాడు.

కోడలు గడప దిగి పిల్లను లాక్కుంది. ఆమె గొంతు అంత పెద్దగా నేనెన్నడూ వినలేదు. "నన్నే పిలిచింది. నా బిడ్డను నేను పంప."

వదినె ఖాళీ చేతులతో నిలబడిపోయింది. "మరి నన్నెందుకు రమ్మన్నరే?"

"బువ్వ తినిపో వదినె, అరిసెలు జేసిన" అన్నాను. కొడుకు ఆటోవాణ్ని పంపించి వచ్చాడు.

ఒక్క మాట వచ్చిందని మర్నాడు కోడలు కండెల దగ్గరికి రాబోయింది. పిల్ల దగ్గరే కూర్చోమన్నాను. ఇంకా ఎన్నో మాటలు రావాలి. షెడ్డు తలుపు తీసి ఉంది. లోపల చప్పుడుకు వాళ్ల ముచ్చట నాకు వినపడలేదు. కోడలు బీరకాయ చెక్కు తీస్తూ ఏదో చెప్తోంది. పిల్ల ఆమె నోటికేసే చూస్తోంది. నేను నిండిన కండె తీసి, కొత్తది ఎక్కించాను.