నీళ్ల పొయ్యి పొగ

మా అమ్మాయి కాన్పుకి వచ్చిన ఏడాది నేను బాగా అలిసిపోయి ఉన్నాను. మిరప కోతలు అయిపోయాయి గానీ కల్లంలో కాయలు ఏరే పని మిగిలే ఉంది. దానికి తోడు బాలింతకు రోజూ కట్టెల మీద కాగిన నీళ్లే పోయాలి. గీజరు నీళ్లు ఒంటికి పట్టవని మా ఇంట్లో పెద్దల పట్టుదల. పట్టుదల వాళ్లది, చాకిరీ నాది.

పెరట్లో మూడు రాళ్ల పొయ్యి. తుమ్మ మొద్దును చీల్చే ఓపిక లేక అట్లాగే పెట్టి, కాలిన కొద్దీ లోపలికి నెట్టేదాన్ని. అంటుకోవడానికి మిరప కట్టె కుక్కేదాన్ని. పొగంతా బాలింత గదిలోకే పోయేది. నెల నిండని పిల్ల దగ్గి దగ్గి పాలు కక్కేసేది.

ఒకరోజు మా అమ్మాయి కిటికీ ధడాలున మూసింది. "పిల్లకి ఊపిరాడట్లేదమ్మా. రేపు మా ఇంటికి పోతా" అంది. నాకు ఒళ్లు మండింది. కానీ పిల్ల డొక్కలు ఎగరడం చూస్తే భయమేసింది.

పక్కింటి పిన్ని గోడ మీదుగా చూసింది. కూలికి పోయే మనిషి, మాట పెళుసు.

"ఏందమ్మాయ్ ఇది? కట్టెకి తాలుకాయలు అట్టాగే ఉండాయి. పసిబిడ్డకి మిరపకాయల పొగేస్తన్నావా?"

నిజమే. కట్టెకు మిగిలిన ఎండుకాయలు దులపకుండానే తెచ్చి పడేశాను. తెలియక కాదు, ఓపిక లేక.

పిన్నే గొడ్డలి తెచ్చి మొద్దు చీల్చింది. చీల్చిన పేళ్లలో పచ్చిగా ఉన్నవి ఎండలో వేసింది. పొయ్యిలోంచి మిరప కట్టెతో సహా సగం కట్టెలు బయటికి లాగింది. "ఇన్ని కుక్కితే గాలాడొద్దూ?" అంది. ఎండు పేళ్లు రెండు మాత్రం కింద సందు ఉండేలా పెట్టింది. కాసేపటికి మంట నిలబడింది, పొగ సన్నబడింది. కిటికీ తెరుచుకుంది. పిల్ల పాలు తాగి నిద్రపోయింది. మా అమ్మాయి మళ్లీ పోతానన్న మాట ఎత్తలేదు.

నేను మాత్రం పొయ్యి దగ్గర నుంచి లేవలేకపోయాను. మా అమ్మ ముగ్గురు కూతుళ్లకి, ఇద్దరు కోడళ్లకి ఇట్లాగే నీళ్లు కాచింది. చివరికి దగ్గి దగ్గే పోయింది. అప్పట్లో పొగ వస్తోందని లోపల మేమందరం కిటికీలు మూసుకున్నాం. బయట ఆవిడ దాన్ని మింగుతోందని ఒక్కరికీ తోచలేదు. రెండు కట్టెలు బయటికి లాగితే తగ్గే పొగ అది.