నాలుగో బురుజు

ఇందులో కోట ఉంది, కిరీటం ఉంది, సముద్రాలు దాటిన రాయబారం ఉంది. ఒకే ఇంటి కోడళ్ళ పంతం వల్ల ఎక్కడో పోర్చుగల్లో ఒక ఊరి హోదా మారిపోయిన వైనం కూడా ఉంది. ఇంత చెప్పాక చదివేవారు పెద్ద వీరగాథ ఆశిస్తారని తెలుసు. ఆశించవద్దని మనవి. కోట ఎత్తు రెండంగుళాలు. కిరీటం నూలుది. రాయబారం రిజిస్టరు పోస్టులో వెళ్ళింది.

1981 జూన్‌లో నన్ను రాజోలు లేసు కేంద్రానికి నాణ్యతా పరీక్షకుడిగా వేశారు. అంతకుముందు రామచంద్రపురంలో చేనేత తువ్వాళ్ళ పొడవు కొలిచేవాణ్ణి. తువ్వాలు నుంచి లేసుకి మారడం పదోన్నతి అన్నారు. కుర్చీ మారింది, జీతం మారలేదు. అప్పుడు నాకు ఇరవయ్యారేళ్ళు. లేసు గురించి నాకున్న పరిజ్ఞానమల్లా మా మేనత్త రేడియో మీద పరిచిన గుడ్డ.

లేసు కేంద్రమంటే అందరూ వరసగా కూర్చుని అల్లుతారనుకునేవాణ్ణి. కేంద్రంలో ఎవరూ అల్లరు. నూలు తూచి ఇళ్ళకి పంపుతారు. ఒక్కొక్కరు ఒక్కో ముక్క అల్లుతారు. వాటిని కలిపి కుట్టడాన్ని అతుకు అంటారు. ఆపైన ఉతికి, గంజి పెట్టి, చెక్క పలక మీద గుండుసూదులతో సాగదీసి ఆరబెడతారు. ఆ పలక దగ్గరికి నేను వస్తాను. గళ్ళ కాగితం మీది నమూనాతో పోల్చి, గళ్ళు లెక్కపెట్టి, చీటీ మీద సంతకం చేస్తాను. ఆ సంతకం లేనిదే పార్సిలు కదలదు.

అతుకు పని చూసేది ఎస్తేరమ్మగారు. పద్నాలుగేళ్ళుగా రోజుకూలీ మీద ఉన్నారు. కేంద్రంలో శిక్షకురాలి ఉద్యోగం ఒకటి ఖాళీగా ఉంది. దానికి నిబంధన ఏమిటంటే, అభ్యర్థి చేయించిన కొత్త నమూనా ఒకటి విదేశీ కొనుగోలుదారు ఆమోదం పొందాలి. వయసు నిబంధన కూడా ఉంది. ఆ డిసెంబరు దాటితే ఆవిడకి అర్హత పోతుంది. అందుకే జులైలో ఆ వింత ఆర్డరు వచ్చినప్పుడు, మిగతావాళ్ళు నవ్వుతుంటే, ఆవిడ మాత్రం నూలు తూచడానికి లేచారు.

పోర్చుగల్లో ఒక చిన్న ఊరి పాలకమండలికి తమ జెండా లేసులో కావాలట, ఊరి పండగకి. ఆ జెండా ఫొటోని, ఆర్డరు కాగితాలని ఒక వ్యాపారి మాకు పంపాడు. మన పంచాయతీ లాంటిదానికి అక్కడ సొంత జెండా ఉంటుందని, జెండా మధ్యలో రాజులకున్నట్టు చిహ్నం ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. నాకు తెలిసిన పంచాయతీలకి ఉన్న చిహ్నం రబ్బరు ముద్ర ఒక్కటే. అదీ ప్రెసిడెంటుగారి బీరువాలో ఉంటుంది, తాళంచెవి ఆయన బావమరిది దగ్గర ఉంటుంది. ఫొటోలో పచ్చటి నేల మీద ఒక డాలు, డాలులో రెండు చేపలు, ఒక గుత్తి. డాలు పైన కోటగోడ లాంటి కిరీటం, దానికి మూడు బురుజులు. కింద తెల్లటి పట్టీ మీద ఊరి పేరు.

“ఈ పోకగెల బాగుందండి,” అన్నారు ఎస్తేరమ్మగారు.

అది ద్రాక్షగుత్తి అన్నాను.

“ఆయ్,” అన్నారు. అల్లింది మాత్రం పోకగెలనే. తేడా నాకు తెలియలేదు గనక అభ్యంతరం చెప్పలేదు.

పదిహేను రోజులకి జెండా పలక మీదికి వచ్చింది. పొడవు సరిపోయింది, వెడల్పు సరిపోయింది, చేపలు రెండూ ఉన్నాయి. కిరీటం దగ్గర ఆగాను. ఫొటో చూశాను. మళ్ళీ కిరీటం చూశాను.

“ఎస్తేరమ్మగారూ, బురుజులు మూడు కదండీ?”

“ఆయ్. మూడేనండి.”

“ఇక్కడ నాలుగున్నాయి.”

“ఆయ్. నాలుగేనండి.”

ఇద్దరి మధ్యా ఏ అభిప్రాయభేదమూ లేదు. అయినా నాకేమీ అర్థం కాలేదు.

అప్పుడు విషయం చెప్పారు. అల్లేవాళ్ళ చేతి బిగువు ఒక్కొక్కరిది ఒక్కోలా ఉంటుంది. పక్కపక్కనే ఉండే బురుజులు ఒకే బిగువులో రాకపోతే కిరీటం వంకరపోతుంది. అందుకని మూడింటినీ ఒకే ఇంటికి ఇచ్చారు. ఆ ఇంటి కోడళ్ళందరూ అత్తగారి దగ్గరే పని నేర్చుకున్నవాళ్ళు, అందరిదీ ఒకే బిగువు. ఇంతవరకూ ఆలోచన దివ్యంగా ఉంది. వచ్చిన చిక్కల్లా, కోడళ్ళు నలుగురు.

“చిన్నకోడలు సువార్తకి అంచు అల్లమని ఇచ్చేనండి. సూది కింద పెట్టేసింది. మూడ్రోజులు ఆ ఇంట్లో మాటల్లేవు. ఆఖరికి అత్తగారే వచ్చేరు. ‘నా కోడళ్ళలో ఒకదాని చెయ్యి నీకు పనికిరాకపోయిందా’ అన్నారు. నేనేం చెప్పనండి?”

“ఫొటోలో అలాగే ఉందని చెప్పొచ్చు కదా.”

“చెప్పేనండి. గుండ్రటి కిరీటానికి వెనకవేపు ఇంకోటి ఉండకపోద్దా, ఫొటో తీసినోడు అటేపు వెళ్ళుండడు అన్నారు.”

నేను ఫొటో తిప్పి వెనకవైపు చూశాను. తెల్ల కాగితమే ఉంది.

“ఒకటి ఎక్కువైతే ఎవరూ ఏడవరు కదండీ. తక్కువైతేగానీ,” అన్నారావిడ. నాలుగో బురుజుకి చోటు కోసం నాలుగింటినీ తలా రెండు గళ్ళు సన్నం చేశారు. పనితనంలో వంక పెట్టడానికి లేదు. సరేలెమ్మని కలం తీశాను.

సంతకం పెట్టే ముందు కాగితాలన్నీ చదవాలని మా శాఖ నియమం. నేను ఆర్డరులో మొదటి పేజీ చదివి, రెండోది మర్యాదల పేజీ అనుకుని వదిలేశాను. ఆ రోజు చదివాను. అక్కడి పద్ధతి ప్రకారం బురుజులు ఊరి హోదాని చెబుతాయట. పల్లెకి మూడు. పట్టణానికి నాలుగు. నగరానికి అయిదు.

ఎస్తేరమ్మగారికి చదివి చెప్పాను.

“అంటే, ఆ ఊరిని మనం పట్నం చేసేసేమాండీ?”

“చేసేశాం.”

“ఆళ్ళ ప్రెసిడెంటుగారు సంతోషిస్తారేమో.”

సంతోషిస్తే మంచిదే. వెనక్కి పంపితే ఆమోదం లేదు, ఆమోదం లేకపోతే ఆవిడకి ఉద్యోగం లేదు. ఫొటో, జెండా పట్టుకుని బస్సులో అమలాపురం వెళ్ళి మా సూపరింటెండెంటుగారి ముందు పరిచాను. ఆయన చాలాసేపు చూశారు.

“ఇది మన లెక్కలో ఏమవుతుందయ్యా? తాలూకానా, ఫిర్కానా?”

“గ్రామమేనండి.”

“జనాభా?”

“తెలీదండి.”

“జనాభా తెలీకుండా హోదా ఎలా తేలుస్తాం?”

హోదా వాళ్ళే తేల్చుకున్నారని, తప్పు మనదని మనవి చేశాను. అయితే ఒక బురుజు తీసేయమన్నారు. ఎవరిది తీయాలని అడిగాను. కోడళ్ళ సంగతి చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన ఇంట్లోనూ నలుగురన్నదమ్ములు, ఉమ్మడి కుటుంబం.

“ఆ ముక్క ఫైల్లో రాయకు. స్థానికంగా తేల్చుకో,” అన్నారు.

స్థానికంగా అంటే నేనూ ఎస్తేరమ్మగారూ. పీకితే నాలుగూ పీకాలని, ఒకరిది పీకడం జరగని పని అని ఆవిడ తేల్చేశారు. నాలుగూ పీకి మూడు కొత్తగా అల్లి అతకాలంటే పదిరోజులు. పార్సిలు ఆ శనివారం వెళ్ళకపోతే వాళ్ళ పండగకి అందదు. అప్పుడు నేనొక ఉపాయం చెప్పాను. బురుజులు నేను లెక్కపెట్టలేదని, పొరపాటున సంతకం చేశానని రాసుకుంటాను. కొత్తవాణ్ణి గనక మందలించి వదిలేస్తారు.

“లెక్కపెట్టేరు కదండీ,” అన్నారావిడ.

అక్కడితో ఉపాయం అయిపోయింది.

చివరికి ఒక ఉత్తరం జత చేశాం. ఆవిడ తెలుగులో చెప్పారు, నేను ఇంగ్లీషులో పెట్టాను. ఒకే ఇంటివాళ్ళు నలుగురు అల్లడం వల్ల బురుజులు నాలుగయ్యాయని, మీ ఊరి హోదా పెంచే ఉద్దేశం మాకు లేదని, కావాలంటే మీరే ఒకటి విప్పుకోవచ్చని. ఏది ఎవరిదో రాయాలా అని అడిగితే వద్దన్నారు. చీటీ మీద ‘బురుజు ఒకటి అధికం’ అని రాసి సంతకం చేశాను. నా సర్వీసులో అలాంటి వాక్యం మళ్ళీ రాయలేదు.

ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు గడిచాయి. ఎస్తేరమ్మగారు పోస్టుమాన్‌ని ఒక్కసారి కూడా అడగలేదు. అతను వచ్చే వేళకి వాకిట్లోనే ఏదో పని పెట్టుకునేవారు. నవంబరు మొదట్లో పోర్చుగల్ నుంచి కవరు వచ్చింది. కోడళ్ళు నలుగురూ వచ్చారు, వారి అత్తగారు కుర్చీ వేయించుకుని మరీ కూర్చున్నారు. నేను ఉత్తరం ఇంగ్లీషు ప్రతి తీసి తెలుగులో చెబుతూ పోయాను.

పని చాలా బాగుందన్నారు. చేపలని మెచ్చుకున్నారు. గుత్తి గురించి ఏమీ అనలేదు. బురుజుల విషయం పాలకమండలిలో చర్చకి వచ్చిందని రాశారు. సువార్త కొంగు అంచు వేలికి చుట్టుకుంది. నాలుగు బురుజులకి తమకి హక్కు లేదని కొందరు, కష్టపడి అల్లినది విప్పకూడదని కొందరు వాదించారట. ఆ వాదం తేలకముందే పండగ వచ్చింది, జెండా ఎత్తారు.

జెండా ఎగరలేదు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా మంచి గాలి వీచినా గుంజని అంటుకుని అలాగే వేలాడింది. దించేసి పాలకమండలి గదిలో బల్ల మీద పరుచుకున్నారట. బల్ల మీద గుడ్డకి ఎన్ని బురుజులున్నా వాళ్ళ నిబంధనలు ఒప్పుకుంటాయి. చాలా నప్పిందని, చిహ్నం లేకుండా మామూలువి ఇంకో ఆరు కావాలని అడిగారు.

మళ్ళీ ఆర్డరు ఇస్తే ఆమోదించినట్టే అని సూపరింటెండెంటుగారు రాశారు. డిసెంబరులో ఎస్తేరమ్మగారు శిక్షకురాలయ్యారు. తమ నాలుగు బురుజుల్లో ఏది మొదటిదని ఆ కోడళ్ళ ఇంట్లో కొత్త వాదం మొదలైందని విన్నాను. అది నా పరిధిలోకి రాదు.

ఈ వ్యవహారంలో ఇద్దరు అధికారులు, రెండు దేశాలు, ఒక పాలకమండలి హోదా గురించి తలలు పట్టుకున్నాం. నేను నేర్చుకున్నది ఒకటే. లేసులో సగం కన్నాలే, గాలి వాటిల్లోంచి పోతుంది. జెండాకి ఒత్తు నేత గుడ్డ వాడాలి.