దుప్పటి రెండో కొస

హోటలు కింద నేలమాళిగలో ఉంటుంది బట్టలుతికే గది. సబ్బు కంపు, ఆవిరి, ఎప్పుడూ ఆరని నేల. అక్కడ పక్క దుప్పట్లు మడిచే పని ఏళ్ళ తరబడి తోడికోడళ్ళిద్దరిదీ. ఎదురెదురుగా నిలబడి, చెరో కొస పట్టుకుని, ఒక్క గుంజు గుంజి, దగ్గరికొచ్చి కలిపేవాళ్ళు. ఇంట్లో ఒకరి మొహం ఒకరు చూసుకోని రోజుల్లో కూడా ఆ దుప్పట్లకు ముడత ఉండేది కాదు.

మాయదారి రోగం వచ్చి హోటలు మూతపడినప్పుడు, మళ్ళీ పిలుస్తామని చెప్పి అందరినీ సాగనంపారు. రోగం సద్దుమణిగింది. గోడలకు కొత్త రంగులు పడ్డాయి. పిలుపు మాత్రం రాలేదు. పెద్దకోడలు మంచంపట్టిన ఒక ముసలామెకు చాకిరీ చేస్తూ, తన చోటు తనకిస్తారని ఎదురుచూసింది. చోటట, చోటు! పాత మనుషుల్ని పాత కర్టెన్లతో పాటే ఊడ్చేశారని ఎవరు చెబుతారు?

చివరికి పిలుపొచ్చింది, ఇంట్లో ఉన్న ఒక్క ఫోనుకి. ఎత్తింది చిన్నకోడలు. ఎత్తి, నోరు కుట్టేసుకుంది. మర్నాడు పొద్దున్నే హోటలువాళ్ళిచ్చిన పాత నీలం చీర కట్టుకుని, పన్ను నొప్పి, డాక్టరుకు చూపించుకోవాలని చెప్పి బయల్దేరింది. పంటినొప్పికి ఆ చీర ఎందుకో అర్థంకాక పెద్దకోడలు వెనకే వెళ్ళింది.

హోటలు నేలమాళిగలో చిన్నది కుర్చీ వీపుకు దుప్పటి ఒక కొస బిగించి, రెండో కొసతో కుస్తీ పడుతోంది.

"ఏమే, పళ్ళు ఇక్కడ పీకుతున్నారా?"

"మెల్లగా మాట్లాడక్కా. ఒక్కరికే ఉందట పని. ఈ తోపుడు బండెడు దుప్పట్లూ మధ్యాహ్నంలోపు ఒక్కదాన్నే మడిచి చూపిస్తే తీసుకుంటానన్నాడు మేనేజరు. అదీ కంట్రాక్టరు కిందే. పిలిచిన రోజు రావాలి, పిలవని రోజు ఇంట్లో కూర్చోవాలి."

"అందుకని నాకు చెప్పకుండా వచ్చావు."

"చెబితే నువ్వూ వస్తావు. వస్తే నిన్నే తీసుకుంటాడు."

పెద్దకోడలికి రోత పుట్టింది. కడిగి పారేద్దామని నోరు తెరిచింది. అంతలో చిన్నది అలవాటు చొప్పున దుప్పటి దులిపింది. కొస ఎగిరి వచ్చింది. పెద్దకోడలి చేతులు దాన్ని అందుకున్నాయి. నోరు తిడుతూనే ఉంది, చేతులు మడుస్తూనే ఉన్నాయి. తిట్లు ఇంకా మిగిలే ఉన్నాయి, బండి ఖాళీ అయిపోయింది.

రోగం తర్వాత వచ్చిన కొత్త మేనేజరు మెట్లు దిగాడు. దొంతరలు చూసి మొహం వెలిగిపోయింది.

"ఒక్కరు చాలని పైవాళ్ళకు నేను ముందే చెప్పాను. అసలిప్పుడు ఎవరికీ ఒళ్ళు వంగటంలేదు. మనుషులు దొరక్క చస్తున్నాం." అప్పుడు కనబడింది అతనికి రెండో మనిషి. "మీరెవరమ్మా?"

చిన్నది తల వంచుకుంది. "మా అక్క. ఊరికే చూడ్డానికి వచ్చింది."

ఊరికే. ఆ మాట పెద్దకోడలికి మింగుడుపడలేదు. "బండెడూ ఇద్దరం మడిచాం బాబూ. ఇది ఇద్దరి పని. ఇద్దర్నీ తీసుకోండి."

"రండి, నాకేం? ఒకరి జీతమే ఇద్దరూ పంచుకోండి."

"అలాగే వద్దామక్కా," అంది చిన్నది, వరం దొరికినట్టు.

ఇందాక తిట్టిన తిట్లన్నీ, తిట్టాల్సినవాణ్ణి వదిలేసి, చిన్నదాని మీద వృథా చేశాననిపించింది పెద్దకోడలికి. అంతకంటే ఎక్కువగా తన చేతుల మీదే కంపరం పుట్టింది. ఎవరూ అడక్కుండానే, పిలవని ఇంట్లో దూరిన కుక్కల్లా పనిలో దూరాయి.

ఇంకో బండి వచ్చింది. చిన్నది దుప్పటి తీసి దులిపింది. కొస ఎగిరి వచ్చింది. పెద్దకోడలు చేతులు వెనక్కి కట్టుకుంది. తెల్లటి దుప్పటి తడి నేల మీద పడి నల్లబడింది.

"అయ్యో, మళ్ళీ ఉతకాలి కదమ్మా," అన్నాడు మేనేజరు.

"ఉతికించుకోండి. మీకు ఒక్కరు చాలుగా."

చిన్నది వంగి దుప్పటి ఎత్తుతోంది. పెద్దకోడలు చూస్తూ నిలబడింది గాని సాయం పట్టలేదు.