ఆడోళ్ల గౌను

మగవాళ్లు స్కర్టులు కట్టుకుని బజారుకెళ్లే రోజులు వస్తాయా అని టీవీలో ఎవరో వాదించుకుంటుంటే, నాకు కువైట్‌లో, సాల్మియా ఊళ్లోని హోటల్లో మా మేనేజరు గుర్తొచ్చాడు. నేను అక్కడ వంటవాణ్ణి. ఆయనది కోనసీమ. ఎంత ఎండలోనూ ప్యాంటూ, టక్కూ. ఒక శుక్రవారం సెలవు కదా అని నేను లుంగీతో కిందికి దిగి టీ తాగుతుంటే, కస్టమర్లందరి ముందు అరిచాడు.

"ఏంట్రా ఆ ఆడోళ్ల గౌను? ఇది సాల్మియా, మీ రాయచోటి కాదు. పైకి పో!"

అందరూ నవ్వారు. నేను మర్చిపోలేదు.

ఆ ఏడే ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. మేమంతా బస్సుల్లో, లారీల్లో పడి జోర్డాన్ సరిహద్దు ఎడారిలో వేసిన గుడారాలకు చేరాం. లారీ దిగుతుంటే మా మేనేజరుకున్న ఒక్క ప్యాంటూ వెనక నిలువునా చిరిగింది.

"తమ్ముడూ, ఓ లుంగీ ఇద్దూ," అన్నాడు.

నా దగ్గర రెండున్నాయి. ఒకటిచ్చాను. మాది రెండంచులూ కలిపి కుట్టిన లుంగీ. మడత తెలియనివాడి నడుము మీద అది నిలవదు. ఆ మడత నేను చెప్పలేదు. నీళ్ల క్యూలో ఒక చేత్తో డబ్బా, ఇంకో చేత్తో లుంగీ పట్టుకుని ఆయన అవస్థ పడుతుంటే రోజూ కళ్లారా చూశాను.

చివరికి మమ్మల్ని విమానంలో బొంబాయికి చేర్చారు. ఆయన ఒంటిమీద ఇంకా నా లుంగీయే. బయట ఆయన భార్య, బావమరుదులు పరిగెత్తుకొచ్చారు. అప్పుడు అడిగాను, అందరూ వినేలా.

"సార్, నా ఆడోళ్ల గౌను నాకిచ్చెయ్ సార్, పోతా."